మా బావ పడుగు పరిచిన పొద్దు

మొన్న కరీంనగర్‌లో చుట్టాల పెండ్లి విందుకు వెళ్తే, ఆ హోటలు గోడ మీద మా కుంచె కనిపించింది. అవును, గంజి కుంచె. మగ్గం ఎక్కించే నిలువు పోగులకు, అంటే పడుగుకు, గంజి పట్టించి దువ్వే కుంచెను నున్నగా తుడిచి, నూనె రాసి, పైన ఒక బల్బు పెట్టి, పటం తగిలించినట్టు తగిలించారు. మా మనుమరాలు దాని ముందు నిలబడి, "ఇదేంది నానమ్మా, ఏనుగులను దువ్వేదా?" అంది. మొదట నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. చీపురును, చాటను కూడా తగిలించకపోయారా, వాటినెందుకు విడిచిపెట్టారు అనుకున్నాను. అందరూ బిర్యానీ దగ్గరికి పోయారు గాని నేను ఆ గోడ దగ్గరే ఉండిపోయాను. ఆ కుంచె ఒక కొసన మా బావ చేయి లేకుండా నాకు ఎన్నడూ కనిపించదు.

బావ అంటే నా పెనిమిటికి అన్న. పేరు చెప్పను. బావ పేరు నోట పలకకూడదని మా అవ్వ చెప్పి కాపురానికి పంపింది. పలకకుండానే ఎనభై దాటాను, ఇప్పుడు రాసి మాత్రం ఆ మాట తప్పుతానా?

మాది హుస్నాబాద్ దిక్కున నేతపని చేసే సాలోళ్ల వాడ. ఒకటే వీధి, రెండు పక్కలా ఇండ్లు, ఇంటింటికీ గుంట మగ్గం. అత్తగారింటిని అన్నదమ్ములు మధ్యలో నడుమెత్తు గోడ కట్టుకొని పంచుకున్నారు. ఇవతల మేము. అవతల బావ, ఆయన భార్య, పిల్లలిద్దరు. ఆమె నాకు యారాలు, అంటే తోడికోడలు. అక్కా అని పిలిచేదాన్ని. పోలీసు యాక్షను జరిగి నాలుగైదేండ్లయిందేమో, నేను కాపురానికి వచ్చేసరికి బావకు నలభై దాటాయి. పొట్టి మనిషి. చిన్నప్పటి నుంచీ గుంటలో కాళ్లు పెట్టి నేసినందుకు ఆయనకు కాళ్లు మడిచి కూర్చోవడం రాకుండా పోయింది. ఎక్కడికి పోయినా కాళ్లు వేలాడేయడానికి చోటు వెతుక్కునేవాడు. పెండ్లిలో అందరూ పంక్తిలో కూర్చుంటే ఈయన ఒక్కడు గడప మీద కూర్చొని కాళ్లు బయటికి వేసేవాడు. చూసినవాళ్లు, అయ్యో అలిగి లేచిపోతున్నాడని బతిమాలడానికి వచ్చేవాళ్లు.

వాళ్లు అట్లా అనుకోవడంలో తప్పు లేదు. అలగడంలో ఆయనను మించినవాడు మా చుట్టుపక్కల ఊళ్లలో లేడు. కొట్టడు, తిట్టడు. అలుగుతాడు. నూలు కండెల బుట్ట ఇటుది అటు జరిపితే అలుక, ఒక్క పిలుపుకు పలకకపోతే అలుక. అక్క ఎదురుగా నిలబడి ఉంటే గోడను చూస్తూ, "ఈ ఇంట్ల మంచినీళ్లు ఇచ్చేటోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగేవాడు. అక్క కూడా గోడతోనే, "ఉన్నరు, కండ్లు కనవడనోళ్లకు కనవడరు" అనేది. అక్క తమ్ముని పెండ్లిలో తనకు పీట ఆలస్యంగా వేశారని నిండా నెల రోజులు మాట్లాడలేదు. ఆ నెలంతా మగ్గం చప్పుడును బట్టే ఆయన కోపం ఎంత ఉందో తెలుసుకునేవాళ్లం. చప్పుడు మెత్తబడిందంటే రేపో మాపో పలుకుతాడని.

ఇట్లాంటి మనిషి ఒక వానకాలం హుస్నాబాద్ అంగడికి పంచెల మూట పట్టుకొని పోయి, తిరిగి వస్తుంటే వాగు నిండింది. పైగా చలిజ్వరం. వాగవతలి వాడలో ఒక గుడిసె ఉండేది. అది ఊరి బయట ఉంచిన కులం వాళ్ల వాడ. ఆ గుడిసె వాళ్ల పాస్టరయ్యది. నాలుగు రోజులు ఆ గుడిసె వసారాలో పడి ఉన్నాడు. ఆ పాస్టరయ్య భార్య మల్లవ్వ అని ఒక ముసలమ్మ. ఊరివాళ్లెవరైనా వానకు చిక్కితే తమ చేతి తిండి తినరని, ఆమె ఒక మూలన వేరే కుండ, వేరే బియ్యం, పొయ్యికి మూడు రాళ్లు పెట్టి ఉంచేది. ఎవరికి వాళ్లు వండుకోవాలి. బావకు లేచి పొయ్యి రాజేసే శక్తి లేదు. ఒక రోజు చూసి, రెండో రోజు ఆమె దూరంగా నిలబడి అడిగిందట.

"అయ్యా, మీరు లేస్తలేరు. మా చేతి జొన్న గట్క ఇంత తాగుతరా? తాగకున్నా మేమేం అనుకోం."

ఈ సంగతి తర్వాత ఆయన గోడ అవతల నుంచి నాకు చెప్పాడు. "తాగకున్నా ఏం అనుకోం అన్నది బిడ్డా. నేను పీట జర లేటయితే నెల దినాలు మాట్లాడనోన్ని. ఆమె చేతిది మనూరోళ్లు ఎవ్వలు ముట్టలే, పుట్టినకాంచి ముట్టలే. ఇగ ఆమె ఎంతకాలం అలగాలె? అలగకపోగా నా కోసం బియ్యం ఎత్తిపెట్టింది. తాగిన. తాగి, గిదెట్ల చాతనయితుందమ్మా నీకు అని అడిగిన. అప్పుడు ఏసు ముచ్చట చెప్పింది."

ఆ తర్వాత ప్రతి ఆదివారం వాగు దాటేవాడు. ఏడాది తిరిగేసరికి అదే వాగులో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడు. నలభై అయిదేండ్ల మనిషి. తడి బట్టలతో వీధిలో నడిచి వస్తుంటే ఎవరో, "ఏమాయె, వాగుల పడ్డవా?" అని అడిగారు. "పడలే, లేచిన" అన్నాడట. చల్లగా వచ్చి అరుగు మీద కాళ్లు వేలాడేసుకొని కూర్చున్నాడు.

ఇక మొదలయింది చూడండి మాకు పరేషాన్. ఆయన అలగడం మానేశాడు, మంచిదే. కాని క్షమాపణలు మొదలుపెట్టాడు. జన్మలో చేసిన ప్రతి తప్పునూ గుర్తు చేసుకొని, ఇంటింటికీ పోయి ఒప్పుకోవాలట. ఎదురింటాయన దగ్గరికి పోయి, "పదేండ్ల కింద నీ మగ్గం అచ్చు ఇరిగింది యాదికున్నదా? అది నేనే తొక్కిన. మన్నించు" అన్నాడు. ఎదురింటాయనకు ఆ అచ్చు సంగతే యాదికి లేదు. లోపల ఉన్న ఆయన భార్యకు మాత్రం బాగా యాదికుంది. చీపురు పట్టుకొని బయటికి వచ్చింది, బావ మీదికి కాదు, మొగుని మీదికి. "ఆ పొద్దు నేనే ఇరగ్గొట్టిన అని నన్ను మా అవ్వగారింటికి తరిమినవు గదరా, పెద్దమనిషీ!" అని వీధంతా వినిపించేటట్టు అడిగింది. పదేండ్ల కింద చల్లారిన కొట్లాట మళ్లీ రాజుకొని మూడు రోజులు నడిచింది. బావ వాళ్లిద్దరి మధ్యకు పోయి, "నా కోసం కొట్లాడకుండ్రి, నన్ను మన్నించుండ్రి" అంటుంటే ఇద్దరూ కలిసి ఈయనను తరిమారు. అక్క తల కొట్టుకుంది. "నీ ఏసు నిన్ను మన్నించిండు గావచ్చు, గీ వాడకట్టు మన్నించేటట్టు లేదు. జర ఇంట్ల కూసో" అంది.

అక్క సంగతి చెప్పాలి. ఆమె పోచమ్మకు ఒక్కపొద్దులుండే మనిషి. మాటంటే మాటే. బావ వాగులో మునిగి వచ్చిన రోజే ఆయన కంచం తీసి బయట గోడ సందులో దోపింది. ఆయన తిండి వసారాలో, నీళ్లు పై నుంచి పోసుడు. ఇదివరకటి బావ అయితే ఆ కంచానికి ఎన్ని నెలలు అలిగేవాడో! ఈ బావ తిని, తానే కడిగి, కంచాన్ని మళ్లీ గోడలో పెట్టి, "మంచిగున్నదే ఇయ్యాల కూర" అనేవాడు. అది అక్కను ఇంకా చంపుకుతినేది. గోడ దగ్గరికి వచ్చి నాతో అనేది: "చెల్లె, అలగడు, గులగడు. ఏమన్నా నవ్వుతడు. గిట్లాంటి మొగనితోని ఎట్ల ఏగాలె? అలిగితే గోడతోనన్న మాట్లాడేటోడు."

మగ్గం పని కూడా వీళ్ల మధ్య నలిగింది. సాలోళ్లకు అమావాస్య సెలవు. ఆ రోజు మగ్గం ముట్టరు. బావ ఆదివారం ముట్టనన్నాడు. సరే, అమావాస్య నాడు నేస్తానని గుంటలో దిగబోతే అక్క మగ్గంలో అటూ ఇటూ పోగును తీసుకుపోయే నాడెను తీసి కొంగులో కట్టుకుంది. "నీ దేవునికి నాలుగు దినాలు ఇడిసిపెట్టిన, నా దేవతకు నెలకొక్క దినం ఇడవవా?" అంది. బావ న్యాయమే అని లేచాడు. ఎప్పుడైనా అమావాస్య ఆదివారం నాడే వస్తే అక్క ముఖం వెలిగిపోయేది. "ఇద్దరు ఒక్క మాట మీదికొచ్చిండ్రు, మనకు ఒక దినం మిగిలింది" అనేది.

నాకు ఆయన ఇచ్చింది వేరే. పాస్టరయ్య దగ్గర అక్షరాలు నేర్చుకొని వచ్చి, సాయంత్రం పూట గోడ అవతల కూర్చొని పెద్దగా చదివేవాడు. ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ మధ్య నాడె ఒకసారి పోయి వచ్చేంత సందు. బావ ముందు నిలబడి మాట్లాడకూడదు మాకు. తల మీద కొంగు వేసుకొని తప్పుకోవాలి. అందుకని ఇవతల నేను పొయ్యి బొగ్గుతో, ఆయన పలికిన అక్షరం ఎట్లా ఉంటుందో ఊహించి గోడ మీద గీసేదాన్ని. ఒకనాడు గోడ మీది నుంచి తొంగి చూశాడు. నేను చచ్చాననుకున్నాను. "బిడ్డా, క గిట్ల తిరుగది, అటు తిరుగుతది" అని తన వైపు గోడ మీద రాసి, తాను లోపలికి పోయాడు. నేను పోయి చూసి వచ్చి దిద్దుకున్నాను. ఆ తర్వాత ఆరు నెలలు ఒకరి ముఖం ఒకరు చూడకుండా అట్లా చదువుకున్నాం. తర్వాత నేను బాలబడిలో పిల్లలకు దిద్దించిన ప్రతి అక్షరం ఆ గోడ మీదిదే.

ఆ ఏడు బోనాల పండుగ వచ్చింది. ఏటా పోచమ్మకు అక్క ఒక తెల్ల చీరె పెట్టేది, ఎర్ర అంచుది. అది బావే నేసేవాడు. ఈసారి నేస్తాడా? అక్క అడగలేదు. అడగదు కూడా. ఎర్రనూలు మాత్రం తెచ్చి మగ్గం పక్కన పెట్టి పోయింది. పాస్టరయ్య వద్దన్నాడట. బావ రెండు రోజులు ఆ నూలు చుట్టూ తిరిగాడు. మూడో రోజు గుంటలో దిగి నేశాడు. పాస్టరయ్య వచ్చి అరుగు మీద కూర్చొని, "ఇదేం పని?" అంటే, "అయ్యా, నేను పోచమ్మకు నేస్తలేను, నా పెండ్లానికి నేస్తున్న. ఆమె కట్టుకుంటదా, ఎవ్వరికన్న ఇచ్చుకుంటదా, నేను అడగను" అన్నాడు. ఇవతల నేను, లోపల అక్క, ఇద్దరం విన్నాం. ఆ రోజు అక్క ఆయనకు నీళ్లు పై నుంచి పోయలేదు, చెంబు చేతికిచ్చింది.

ఇంతలో కులం పంచాయితీ కూర్చుంది. కులపెద్ద మంచివాడే, పెద్ద గొంతు, చిన్న మనసు కాదు. కాని కులం కట్టు కట్టే అనేవాడు. "ఇగో, నువ్వు ఏసుకు మొక్కు, మీసాలకు మొక్కు, మాకు ఫికర్ లేదు. మనం మొక్కని దేవుడున్నడా? కాని వాళ్ల ఇంట్ల తింటున్నవు. అది తప్పు. ఒప్పుకొని శుద్ధి చేసుకో" అన్నాడు. ఎవరి ముందైనా క్షమాపణ చెప్పే బావ, ఇంటింటికీ పోయి లేని తప్పులు వెతుక్కునే బావ, ఆ రోజు ఒప్పుకోలేదు. "తప్పయింది పెద్దయ్యా. గా తల్లి చేతిది తిన్నందుకు కాదు, నలభై అయిదేండ్లు తిననందుకు. దానికి ఏం శుద్ధి ఉన్నదో చెప్పు, చేసుకుంట" అన్నాడు.

కట్టు పడింది, అంటే వెలి. వీధిలో ఎవరూ ఆయనతో మాట్లాడరాదు, నిప్పు ఇవ్వరాదు, అన్నిటికన్నా ముఖ్యం, ఆయన పడుగు పట్టరాదు. ఇది బయటివాళ్లకు తెలియదు గనుక చెప్పాలి. పడుగు వీధి పొడుగునా పరిచి, గంజి పట్టించి, తడి ఆరేదాకా కుంచెతో దువ్వుతూనే ఉండాలి. అటొకరు ఇటొకరు కుంచె పట్టాలి, ఇంకో పది మంది తెగిన పోగులు అతుకుతూ వెంట నడవాలి. నడుమ ఆగితే పోగు పోగు అంటుకొని పడుగంతా కట్టె అవుతుంది. ఇంటివాళ్లతో అయ్యే పని కాదు. ఈ రోజు నీ పడుగుకు నేను, రేపు నా పడుగుకు నువ్వు. ఆ చేతులు లేకపోతే మగ్గం లేదు, మగ్గం లేకపోతే కూడు లేదు.

అక్కకు వేరే కబురు పంపారు. పిల్లలను తీసుకొని తమ్మునింటికి పోతే ఆమె, పిల్లలు కులంలోనే ఉంటారు. ఉండిపోతే ముగ్గురూ ఆయనతో పాటే. "ఆయిన పడుగు పరిచే పొద్దుకు చెప్త" అంది అక్క. తమ్ముడు ఆ పొద్దుకే బండి కట్టుకొని వస్తానన్నాడు. మా ఆయన నాకు గట్టిగా చెప్పాడు: "అన్నే గని, ఏం జేస్తం? నువ్వు గోడ దాటినవో, కాళ్లిరుగుతయి."

ఆ పొద్దు ఇప్పటికీ నా కండ్ల ముందే ఉంది. తెల్లవారింది. బావ ఒక్కడే గుంజలు పాతాడు. ఒక్కడే పడుగు పరిచాడు. ఒక్కడే గంజి పట్టించాడు. పిచ్చిపని. కుంచె ఒక వైపు పట్టి పది అడుగులు దువ్వి, వంగి పడుగు కింది నుంచి దూరి అటు వైపు పోయి మళ్లీ దువ్వుతున్నాడు. వీధిలో అందరూ ఎవరి గడపలో వాళ్లు నిలబడి చూస్తున్నారు. కళ్ల ముందు తడి పడుగు అంటుకుపోతుంటే సాలోనికి అది మామూలు బాధ కాదు. ఆడవాళ్లు కొంగులు నలుపుకుంటున్నారు. వీధి మొదట్లో అక్క తమ్ముడు బండి ఆపి నిలబడ్డాడు. అరుగు మీద అక్క, పక్కన బట్టల మూట, అటూ ఇటూ పిల్లలు.

అప్పుడు వాగు వైపు నుంచి వాళ్లు వచ్చారు. పాస్టరయ్య, మల్లవ్వ, ఇంకో పది మంది, నాట్లేసే ఆడవాళ్లు, మోట కొట్టే మగవాళ్లు. చెప్పులు చేతిలో పట్టుకొని వీధి మొదట్లో ఆగిపోయారు. సాలోళ్ల నూలు వాళ్లు ముట్టిన రోజు లేదు. బావ "రాండ్రి!" అని కేక వేశాడు. ఎవరూ కదలలేదు. వాళ్ల చూపు బావ మీద లేదు, అరుగు మీద ఉంది. ఇంటి ఇల్లాలు ఏమంటుందో అని. కులపెద్ద కూడా పెద్ద పెద్ద అడుగులు వేసుకుంటూ వచ్చి పడుగు కొసన, గుంజ దగ్గర నిలబడ్డాడు.

"ఎక్కు అక్కా, ఎండెక్కుతుంది" అన్నాడు తమ్ముడు.

అక్క లేచింది. మూట చేతికి తీసుకుంది. అరుగు దిగింది. బావ కుంచె ఆపి ఆమెనే చూస్తున్నాడు. పాత బావ అయితే ముఖం తిప్పుకునేవాడు. ఈయన తిప్పుకోలేదు, పొమ్మనలేదు, ఉండమనలేదు. అక్క పడుగు దగ్గర ఆగి వేళ్లతో పోగులు తాకి చూసింది. అప్పటికే అంటుకుంటున్నాయి. ఒక్కసారి మూటను అరుగు మీదికి విసిరేసింది. చీర కుచ్చెళ్లు ఎగదోపి, పడుగు అవతలికి పోయి, కుంచె రెండో కొస పట్టింది. మా వాడలో ఆడది కుంచె పట్టడం అదే మొదలు.

"ఏం సూస్తున్నవు? నడువు!" అంది బావతో. ఇద్దరూ నాలుగడుగులు దువ్వారో లేదో, వీధి మొదటికి తిరిగి, "మీరేంది, సుట్టాల లెక్క నిలవడ్డరు? వచ్చి పట్టుండ్రి! మల్లవ్వా, నువ్వు ఇటు రా, తెగిన పోగు ఎట్ల అతకాల్నో చెప్త!" అని అరిచింది.

వాళ్లు ఉరికొచ్చారు. నేను గోడ దూకాను. కొంగు ఎక్కడ పోయిందో తెలియదు. బావ ముందు తలమీద కొంగు లేకుండా నిలబడటం నాకదే మొదటిసారి, ఆయన చూడనే లేదు. వరి నాటే వేళ్లు కదా వాళ్లవి, రెండు పోగులు చూపిస్తే మూడోది వాళ్లే అతికారు. ఇంతలో గాలి లేచింది. మామూలు గాలి కాదు. పడుగు తెరచాపలా ఎగిరింది, కొసన గుంజ పాతిన చోట మట్టి పెళ్లగిలి, గుంజ వాలిపోయింది. అది పడితే పడుగు మట్టిలో పడినట్టే.

పడలేదు. కులపెద్ద రెండు చేతులతో పట్టుకున్నాడు.

పట్టుకున్నాక ఆయనకు తెలిసింది తాను ఏం చేశాడో. పుట్టినప్పటి నుంచి పడుగు పట్టిన చేతులు, ఆయనను అడగకుండానే పట్టాయి. ఇప్పుడు విడిస్తే పడుగు పోతుంది, పట్టుకుంటే కట్టు పోతుంది. ముఖం ఎర్రగా చేసుకొని వీధంతా చూశాడు. "ఏందిరా సూస్తున్నరు? గుంజకు రాళ్లు తెండ్రి, నేనెంతసేపు నిలవడాలె?" అని కసిరాడు. అంతే. అందరికంటే ముందు మా ఆయన ఉరికాడు. నా కాళ్లు ఇరగ్గొడతానన్న మనిషి నా పక్కనుంచే ఉరికి, అన్న దగ్గరికి పోయి, వదిన చేతిలోని కుంచె అందుకున్నాడు. ఎదురింటాయన వచ్చాడు. ఆయన భార్య వచ్చింది. పొద్దు నెత్తి మీదికి రాకముందే పడుగు ఆరింది, ఒక్క పోగు అంటుకొని మిగలకుండా. నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకు ఆపుకోవాలి?

పడుగు పట్టినవాళ్లు ఆ ఇంట్లో ఇంత తినకుండా పోరాదని మా రివాజు. అక్క జొన్న గట్క కుండ అరుగు మీదికి తెచ్చింది. మోదుగాకులు వీధిలోనే పరిచింది. ఒకే వరుస. మల్లవ్వ వాళ్లు దూరంగా కూర్చోబోతే చేయి పట్టి లాగి వరుసలో కూర్చోబెట్టింది. మిగతా వీధి గోడలకు ఆనుకొని చూస్తోంది. అక్క మల్లవ్వ పక్కన తనకూ ఒక ఆకు వేసుకొని, అందరి ముందూ కూర్చుంది.

"ఇయ్యాల నేను కుంచె వట్టిన, నా చేతులు గుంజుతున్నయి. నువ్వు వడ్డించు" అంది బావతో.

జన్మలో గరిటె పట్టని మనిషి కుండ ఎత్తుకున్నాడు. మల్లవ్వ ఆకులో వేశాడు. తర్వాత అక్క ఆకు ముందు వంగాడు. ఆయన కంచం ఏడాది పొడుగునా గోడలో పెట్టిన మనిషి ఆకు అది. కళ్ల నుంచి టపటపా నీళ్లు కారాయి.

"గట్కల ఉప్పు నేను సరిగనే ఏసిన. నువ్వు ఏడ్చి ఎక్కువ జెయ్యకు" అంది అక్క.

వీధి వీధంతా నవ్వింది. గోడకు ఆనుకున్నవాళ్లు నవ్వారు, గుంజ దగ్గర చేతులు దులుపుకుంటున్న కులపెద్ద ముఖం అటు తిప్పుకొని నవ్వాడు. అక్క మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని, బండి వైపు చూసి, "నేను రాను తమ్మీ" అంది, ఇంకేమీ చెప్పకుండా.

తమ్ముడు ఎడ్లను విప్పి, చేతులు కడుక్కొని వచ్చి, వరుస చివరన కూర్చున్నాడు.

"నాకు గూడ ఇంత పెట్టు బావా" అన్నాడు.